వంటిల్లు బాగు చేయించాం, వచ్చి చూద్దువుగాని

తెనాలి

ఒరే మిత్రమా,

ఫోనులో అడిగినప్పుడల్లా "తీరిగ్గా చెప్తాను" అని దాటేస్తున్నానని అలిగావట. దాటెయ్యక ఏం చెయ్యను? ఒక పక్క రాయి కోసే మర, ఇంకో పక్క సుత్తి దెబ్బలు, వీటి మధ్య "సిమెంటు బస్తాలు లెక్క తేలడం లేదురా" అంటూ నాన్న. ఇప్పుడు ఇల్లు సద్దుమణిగింది కాబట్టి కూర్చున్నాను. నువ్వూ బందరులో మీ పాత ఇంటి వంటగది కదిలిద్దామనుకుంటున్నావు కదా, నీకు పనికొచ్చేవి ఏవీ దాచకుండా రాస్తాను. ఖర్చు మాత్రం అడగకు. పోస్టు చేసే ముందు ఈ ఉత్తరం మా ఆవిడ చదువుతుంది.

మా ఇల్లు నీకు కొత్త కాదు. ముందు భాగం తాతయ్య కట్టించిన డాబా. వెనక వంటిల్లు, సామాన్ల గది, వసారా పెంకులవి. రెంటికీ మధ్య దేవుడి గది. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు నువ్వు అరిసెలు కాజేసిన అటక ఆ సామాన్ల గదిలోదే. అమ్మకు ఈ విషయం అప్పుడే తెలుసట, మొన్న అటక దించుతుంటే చెప్పింది.

పని మొదలెడుతున్నామని తెలియగానే వీధిలో ప్రతివాళ్లూ ఇంజనీర్లయిపోయారు. "పెంకులు పీకి స్లాబు వేసెయ్, పైన ఇంకో గది వేసుకోవచ్చు" అన్నది అందరి మాట. నేనూ సగం ఒప్పుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "వైశాఖంలో స్లాబు కింద నిలబడి మీరు వండండి, నేను వసారాలో కూర్చుని తింటాను" అంది. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. పెంకుల సందుల్లోంచి వేడి, పొగ, పోపు ఘాటు అన్నీ వాటంతట అవే పైకి పోతాయి. స్లాబు అయితే పగలంతా ఎండ మింగి, రాత్రి మన నెత్తిన కక్కుతుంది. అందుకని పెంకులన్నీ దించి, కడిగి, పుచ్చిపోయిన వాసాలు మార్చి, మళ్లీ అవే పెంకులు ఎక్కించాం. దించేటప్పుడు చూస్తే చాలా వాటి వెనక మంగుళూరు కంపెనీల ముద్రలున్నాయి. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో అక్కడ మొదటి పెంకుల కార్ఖానా పెట్టారని నాన్న ఎక్కడో చదివాడు, అది పనివాళ్లందరికీ విడివిడిగా చెప్పాడు. విరిగినవి పోగా తక్కువ పడిన చోట గాజు పెంకులు వేయించాం. పొయ్యి మీద ఒకటి, కత్తిపీట వేసుకునే చోట ఒకటి. పగలు దీపం అక్కర్లేదు. కోతులతోనే భయం. ఊళ్లో వాటి బెడద ఎలా ఉందో తెలుసుగా, అందుకే పైన ఇనుప జల్లెడ పరిచాం. చూడటానికి జైలులా ఉందని మా తమ్ముడు అంటాడు. వాడు ఉండేది పుణెలో, అననీ.

వాస్తు చెప్పే ఆయన కూడా వచ్చాడు. వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండటం మా అదృష్టం, లేకపోతే ఇల్లే తిప్పమనేవాడు. వండేవాళ్లు తూర్పు ముఖంగా నిలబడాలి అన్నాడు, సరే, అమ్మ ఎప్పుడూ అలాగే నిలబడుతుంది. ఆ తర్వాత దేవుడి గది గుమ్మం రెండడుగులు జరపమన్నాడు. అమ్మ అతనికి కాఫీ ఇచ్చి, "ఈ గుమ్మంలోంచే మా అత్తగారు నన్ను లోపలికి తీసుకొచ్చింది నాయనా" అని ఊరుకుంది. గుమ్మం ఉన్నచోటే ఉంది.

అసలు తలనొప్పి గోడతో వచ్చింది. ఇది నువ్వు జాగ్రత్తగా చదువు, బందరులో నీకూ ఇదే వస్తుంది, ఉప్పు గాలి కూడా తోడవుతుంది కాబట్టి ఇంకా ఎక్కువగా వస్తుంది. మనది డెల్టా నేల. కాలవకు నీళ్లు వదిలారంటే బావిలో నీళ్లు చేతికందుతాయి. ఆ చెమ్మ పునాదుల్లోంచి గోడలోకి ఎక్కుతుంది. తాతయ్య గోడ కట్టించింది ఇటుక, గానుగ సున్నంతో. అది చెమ్మ పీల్చినా మళ్లీ గాలికి వదిలేసేది. తర్వాతెప్పుడో, గోడ అందంగా లేదని, దాని మీద సిమెంటు పూయించారు. చెమ్మకు బయటికి దారి లేకపోయింది. లోపలే పేరుకుని, ఉప్పు తేలి, నడుమెత్తు దాకా సిమెంటు ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా రాలుతుండేది. రెండేళ్లకోసారి దాని మీద మళ్లీ సిమెంటు, మళ్లీ రంగు. నువ్వు చూసిన ఆ పచ్చటి గోడ అదే.

తాపీ మేస్త్రి పెద్దాయన, మాట తక్కువ. వచ్చి గోడ మీద వేలితో కొట్టి చూశాడు, డొల్ల శబ్దం వచ్చినంత మేరా సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీతకు ఇంకో అడుగు పైదాకా సిమెంటంతా చెక్కించేసి, "ఎండనివ్వండి" అని వెళ్లిపోయాడు. ఎండాకాలం నడి మధ్యలో వంటింటి గోడ ఇటుకలు కనబడేలా వదిలేసి పోతే మా ఆవిడ నన్ను ఏమందో రాయను. కానీ ఇటుకల మీద తెల్లటి ఉప్పు పొడి రోజూ తేలడం, మేము పొడి కుంచెతో దులపడం, రోజురోజుకూ అది తగ్గడం కళ్లారా చూశాం. నీళ్లు పెట్టి కడగవద్దన్నాడు, కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుందట. తర్వాత సున్నం, ఇసుకతో పూత వేసి, అది గబగబా ఎండి బీటలివ్వకుండా తడి గోనెలు వేలాడదీశాడు. పింగాణీ బిళ్లలు పొయ్యి వెనకా, సింకు వెనకా మాత్రమే అంటించాం. "గోడంతా బిళ్లలు వేస్తే తుడుచుకోవడం తేలిక" అని కొట్లో వాళ్లు ఎంత చెప్పినా వినలేదు. మిగతా గోడకు సున్నమే కొట్టించాం, దాని మీద ప్లాస్టిక్ రంగు వేస్తే మళ్లీ పాత కథే.

వంటింటికీ సామాన్ల గదికీ మధ్య గోడ తీసేద్దామన్నది నా కోరిక. అది 14 అంగుళాల గోడ, పైన దూలం బరువంతా దాని మీదే ఉంది. మొత్తం తీయడం కుదరదని ఇంజనీరు చెప్పాక 6 అడుగుల వెడల్పున మాత్రం తెరిచాం. ముందు దూలం కింద సరుగుడు బాదులు ఆనించి, గోడలో సగం మందం తొలిచి ఒక ఇనుప గర్డరు దూర్చి, అది బిగిశాక అవతలి సగంలో రెండోది దూర్చి, ఆ తర్వాతే కింది ఇటుకలు తీశారు. ఆ పూటంతా నాన్న మంచినీళ్లు కూడా తాగలేదు. నీ ఇంట్లో గోడ కదిలించాలంటే మేస్త్రి మాట ఒక్కటే నమ్మకు, ఇంజనీరుకు చూపించు. ఈ ఒక్క విషయంలో పిసినారితనం వద్దు.

ఇక గట్టు. మాడ్యులర్ కిచెన్ల కొట్టు నుంచి ఒక కుర్రాడు వచ్చి కంప్యూటర్‌లో బొమ్మలు చూపించాడు. ఎరుపు అలమరాలు, మధ్యలో దీవిలాంటి బల్ల, దాని మీద గాజు గిన్నెలో పచ్చ ఆపిల్ పళ్లు. "రోలు ఎక్కడ పెట్టుకోవాలి బాబూ?" అని అమ్మ అడిగింది. అతను కంప్యూటర్‌లో చాలాసేపు వెతికాడు పాపం. గట్టు ఎత్తు ఎంత అని అడిగితే 34 అంగుళాలు, అందరికీ అంతే అన్నాడు. ఎవరా అందరూ? అమ్మ ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. హైదరాబాద్‌లో మా ఫ్లాటుకు వచ్చినప్పుడల్లా పీట మీద నిలబడి పప్పు మెదిపేది, నేను చూసి కూడా ఏనాడూ ఆలోచించలేదు.

ఆ కుర్రాణ్ని పంపించేశాక మేస్త్రి చేసిన పని చూడాలి. ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్క పరిచి, అమ్మను నిలబెట్టాడు. చేతికి పప్పుగుత్తి, ముందు గిన్నె. "మెదపండమ్మా" అన్నాడు. భుజాలు పైకి లేస్తే ఒక ఇటుక తీశాడు, నడుము వంగితే ఒకటి పెట్టాడు. తర్వాత కత్తిపెట్టి కూర తరిగించాడు, చపాతీ పిండి కలిపించాడు. చివరికి తేలిందేమిటంటే, కూర తరగడానికి మోచేతి కంటే నాలుగైదు అంగుళాల కింద గట్టుంటే హాయి. పొయ్యి దగ్గర మాత్రం ఇంకా కిందికి దిగాలి, ఎందుకంటే పొయ్యి ఎత్తు, గిన్నె ఎత్తు దాని మీద చేరతాయి. అందుకని పొయ్యి గట్టు 29 అంగుళాలు. పక్క గోడ వెంబడి వెళ్లే గట్టు 34, అది మా ఆవిడ కోసం, ఆమె 5 అడుగుల 4 అంగుళాలు. రెండు గట్లు రెండెత్తుల్లో ఉంటే బాగుండదని మా తమ్ముడు వీడియో కాల్‌లో అభిప్రాయం చెప్పాడు. వాడి అభిప్రాయాలన్నీ ఇలాగే వీడియో కాల్‌లో వస్తాయి.

అమ్మ కూరలు మాత్రం ఇప్పటికీ కిందే, కత్తిపీట ముందు కూర్చుని తరుగుతుంది. పెద్ద గుమ్మడికాయైనా, కందైనా చాకుతో ఆమెకు కాదు. అందుకే మధ్యలో ఏమీ కట్టకుండా నేల వదిలేశాం. పాత పల్నాటి నాపరాళ్లే లేపి, కింద ఇసుక సర్ది, మళ్లీ పరిపించాం. మెరిసే బిళ్లల మీద నూనె చుక్క పడితే అమ్మ జారుతుందని నా భయం.

గట్టు మీదికి చీమకుర్తి గెలాక్సీ అనే నల్లరాయి వేశాం. నువ్వు జియాలజీ మేష్టారివి, అది అసలు గ్రానైటే కాదు, గాబ్రో అనే వేరే రాయి అని, అందులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం అని ఒకసారి నాకు ఒంగోలు బస్టాండులో క్లాసు పీకావు. ఆ ముక్క రాళ్ల కొట్లో చెబితే వాళ్లు నన్ను వింతగా చూశారు. ఏదైనా, నిమ్మకాయకూ చింతపండు పులుసుకూ అది చలించదు. పాత కడప బండ గట్టు మీద అమ్మ నిమ్మకాయ పచ్చడి పెట్టిన మచ్చలు అలాగే ఉండిపోయాయి కదా, అది సున్నపురాయి, పులుపు తగిలితే తింటుంది. ఆ బండలు పారెయ్యలేదు, సామాన్ల గదిలో అరలకు వాడాం. పచ్చడి జాడీల బరువుకు చెక్క అరలు వంగుతాయి గానీ కడప బండ వంగదు.

అలమరాలు మన ఊరి వడ్రంగితోనే చేయించాం. ప్లైవుడ్ కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. కొట్లో "మెరైన్", అంటే తడికి తట్టుకునే రకం, అని చెప్పి ఏదైనా ఇస్తారు. ప్లైవుడ్ షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందో లేదో చూడు, అదే మెరైన్ రకం గుర్తు. 303 అని ఉంటే అది మామూలు వాడకానికి చేసిన వేరు రకం. సింకు కింద మాత్రం అసలు చెక్కే పెట్టకు. అక్కడ ఎప్పుడూ తడే. మేము తలుపులు కూడా పెట్టలేదు, ఒక స్టీలు చట్రం, అంతే. చెదలు మందు పునాది అంచుల్లో కొట్టించాం.

కరెంటు పని గురించి పెద్దగా రాసేదేమీ లేదు. చెక్క బద్దెల మీది పాత వైర్లన్నీ పీకించి కొత్తవి వేయించాం, గీజరుకూ ఓవెన్‌కూ విడి లైన్లు, షాకు కొడితే తక్షణం ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చి ఒకటి. గ్యాసు బండ వసారాలోకి మార్చి గోడలోంచి రాగి గొట్టం లాగాం. వంటగ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి గోడకు పైన ఫ్యాను పెట్టినా సరే, కింద నేల దగ్గర కూడా ఒక జాలీ ఉండాలి. పందికొక్కులు దూరకుండా దానికి ఇనుప వల కొట్టించాం.

రోలు గొడవ చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. అది వంటింటి మూల నేలలో పాతిపెట్టి ఉండేది, మా నాయనమ్మ నాటిది. గడ్డపలుగులతో నలుగురు కష్టపడి లేపితే, పైన కనబడేదానికి రెండింతలు భూమిలో ఉంది. తీరా బయటపెట్టాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సభ. తులసికోట పక్కన అలంకారంగా పెడదామని మా ఆవిడ, ముందు వసారాలో పెడితే వచ్చినవాళ్లు చూస్తారని నాన్న. "అందులో గోంగూర రుబ్బుతారా, చూస్తారా?" అని అమ్మ అడిగింది. వెనక వసారాలో, కుళాయికి దగ్గరగా, కూర్చుని రుబ్బడానికి వీలుగా మళ్లీ పాతించాం. పక్కనే గిన్నెలు తోమే గట్టు, బట్టలుతికే మర. ఈ మధ్య మా ఆవిడ కూడా కొబ్బరి పచ్చడికి మిక్సీ వదిలి అక్కడికే వెళ్తోంది, ఎందుకని అడిగితే గాలి బాగుంటుంది అంటుంది.

పని జరిగినన్నాళ్లూ వంట ముందు వరండాలో, బెంచీ మీద ఒక్క పొయ్యితో. దుమ్ము పడని అన్నం తిన్న రోజు లేదు. ఎదురింటివాళ్లు మాత్రం పులుసుతోనో పెరుగుతోనో రోజూ వచ్చేవాళ్లు. నువ్వు మొదలుపెట్టే ముందు మీ ఎదురింటివాళ్లతో ఏమైనా తగువులుంటే తీర్చేసుకో.

ఇంకా కొన్ని మిగిలాయి. దేవుడి గది తలుపుకు వార్నిషు వెయ్యాలి, వసారా పైన నీళ్లు పోయే రేకు కాలవ ఒకటి కట్టాలి, వానాకాలం రాకముందే. మేస్త్రితో నీ సంగతి చెప్పాను. బందరు రావడానికి ఒప్పుకున్నాడు, కానీ ముందు గోడల ఫోటోలు అడుగుతున్నాడు. దూరం నుంచి తీసినవి కాదు, నేల నుంచి నడుమెత్తు దాకా దగ్గరగా తీసినవి. గోడ మీద వేలితో కొట్టి, డొల్లగా పలికిన చోట సుద్దముక్కతో గీసి మరీ తియ్యమన్నాడు. ఈ ఆదివారంలోగా పంపించు, లేకపోతే ఆయన చేబ్రోలులో ఇంకో పని ఒప్పుకునేటట్టున్నాడు.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
తెనాలి మిత్రుడు