అంబులెన్స్‌లో పాఠం చెప్పేవాళ్ళకి ఆ పనికి విడిగా డబ్బు ఇవ్వాలి

సంపాదకుడు గారికి నమస్కారం,

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, పేపర్‌కి లెటర్ రాయడం ఇదే మొదటిసారి. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చూసాక రాయకుండా ఉండలేకపోయా.

పోయిన కార్తీక సోమవారం మా ఆవిడ ఉపవాసం ఉంది, షుగర్ బిళ్ళ మాత్రం పొద్దున్నే అలవాటుగా వేసేసుకుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే సరిగా పలకట్లేదు, ఏవేవో సంబంధం లేని మాటలు. ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది, అందులోంచి పైలట్ (అంటే బండి డ్రైవర్), ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్) అమ్మాయి, వాళ్ళతో పాటు ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు దిగారు, ఈఎంటీ కోర్సు చదువుతున్నాడంట, ట్రైనింగ్‌కి వచ్చాడంట. వేలికి గుచ్చి చూస్తే షుగర్ బాగా పడిపోయి 38 ఉంది. ఆ అమ్మాయి డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పి, నరానికి సూది పెట్టే పని ముందు ఆ కుర్రాడికే ఇచ్చింది. వాడి చేతులు వణుకుతున్నాయి. "తమ్ముడూ కంగారు పడకు, బెల్ట్ ఇంకొంచెం పైకి కట్టు, కంటికి కనపడిందని గుచ్చెయ్యకు, వేలితో తడిమి చూడు" అంటోంది, ఒక చెయ్యి మా ఆవిడ నాడి మీద, కళ్ళు మాత్రం వాడి చేతుల మీద. ఒకసారి తప్పాడు, రెండోసారికి ఛాన్స్ ఇవ్వకుండా తనే తీసుకుని క్షణంలో పెట్టేసింది, పెడుతూనే ఎక్కడ తప్పాడో వాడికి చెప్పింది. డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్ మందు) మెల్లగా ఎక్కించాలి, మందు నరం దాటి బయటికి పోతే చుట్టూ కండ దెబ్బతింటుంది అని కూడా చెప్పింది. కాసేపటికి మా ఆవిడ కళ్ళు తెరిచి "వీళ్ళెవరండీ" అంది, నాకు అప్పుడు ఊపిరి వచ్చింది.

అంతా బాగైపోయింది కదా ఇంక హాస్పిటల్ ఎందుకు అని నేనే అన్నా. ఆ అమ్మాయి నాకు జవాబు చెప్పకుండా ఆ కుర్రాణ్ణి అడిగింది, ఎందుకు తీసుకెళ్ళాలో నువ్వు చెప్పు అని. వాడు బిళ్ళల స్ట్రిప్ చూసి, ఈ మందు పని ఇంకా చాలా గంటలు ఉంటుంది సర్, షుగర్ మళ్ళీ పడిపోవచ్చు, అక్కడ పెట్టి చూడాలి అన్నాడు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను గానీ ప్రాణం మీద చెయ్యేసి అలా పాఠం చెప్పడం నేను ఎప్పుడూ చూడలేదండి.

దారిలో అడిగా, అమ్మా ఇలా నేర్పినందుకు నీకు విడిగా ఏమైనా ఇస్తారా అని. "లేదు మాస్టారూ, స్టూడెంట్ ఉన్నా లేకపోయినా అదే జీతం" అంది. పన్నెండు గంటల డ్యూటీ అంట. ఏ ఊరి బండి, ఏ ఏజెన్సీ, ఏ కాలేజీ అన్నది రాయట్లేదు, ఆ పిల్లకి ఇబ్బంది రాకూడదు.

నా బాధ ఏంటంటే, నేను ఏళ్ళ తరబడి ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళా, పేపర్‌కి ఇంత అని లెక్కగట్టి ఇచ్చారు, రోజు భత్యం (డీఏ) విడిగా ఇచ్చారు. ప్రాక్టికల్స్‌కి ఎగ్జామినర్‌గా వెళ్తే దానికీ ఇచ్చారు, ఎలక్షన్ డ్యూటీకి, జనాభా లెక్కలకి కూడా పారితోషికం ఉంది. అదంతా నీ ఉద్యోగంలో భాగమే కదా అని మమ్మల్ని ఎవరూ అనలేదు. ఫ్యాన్ కింద కూర్చుని పేపర్లు దిద్దినందుకే లెక్క ఉన్నప్పుడు, కదిలే బండిలో ఒక పక్క పేషెంట్‌ని చూస్తూ ఇంకో పక్క స్టూడెంట్ తప్పు చెయ్యకుండా కాచుకుంటూ, తప్పు జరిగితే బాధ్యత తన మీద వేసుకునే మనిషికి లెక్క లేకపోవడం ఏం న్యాయం?

మన దగ్గర 108 మొదలైంది 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో. అప్పట్లో బీఎస్సీ చదివిన పిల్లలు చాలామంది ఈఎంటీలుగా చేరారు, వాళ్ళలో మా కాలేజీలో చదివినవాళ్ళు కూడా ఉన్నారు. సీనియర్ దగ్గర చూసి నేర్చుకోవడం అప్పుడూ ఉంది, అది మంచి అలవాటే, ఎవరూ కాదనరు. కానీ ఇప్పుడు పరిస్థితి వేరు. 2021లో కేంద్రం ఈఎంటీల్లాంటి వైద్య టెక్నీషియన్ల చదువుల కోసం అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ చట్టం తెచ్చింది, దాని ప్రకారం ఈ కోర్సులు కనీసం 2000 గంటలు ఉండాలి. కాలేజీలు ఫీజులు తీసుకుంటున్నాయి, క్లాసులో చెప్పే లెక్చరర్‌కి జీతం ఉంది, అసలు పని వచ్చేది మాత్రం బండిలో. మెట్లు తిరిగే ఇరుకు ఇంట్లోంచి స్ట్రెచర్ ఎలా దించాలి, గతుకుల రోడ్డు మీద బీపీ ఎలా చూడాలి, ఏడుస్తున్న ఇంటివాళ్ళ దగ్గర ఏ మందులు వాడుతున్నారో ఎలా రాబట్టాలి, క్యాజువాలిటీలో నర్సుకి రెండు నిమిషాల్లో ఏం చెప్పి అప్పగించాలి, ఇవన్నీ బొమ్మ మీద నేర్చుకునేవి కావు.

అమెరికాలో చాలా అంబులెన్స్ సర్వీసుల్లో ఫీల్డ్ ట్రైనింగ్ ఆఫీసర్ అని విడిగా ఉంటారు, కొత్తవాళ్ళని పక్కన పెట్టుకుని నేర్పిన గంటలకి మామూలు జీతం మీద ఇంకొంత కలిపి ఇవ్వడం అక్కడ మామూలే. మనం డాలర్లు అడగట్లేదు, స్టూడెంట్ బండిలో ఉన్న ప్రతి షిఫ్ట్‌కి ఇంత అని ఒక అలవెన్స్ చాలు. అందులో సగం ఆ కాలేజీ తన ఫీజుల్లోంచి కట్టాలి, సగం ప్రభుత్వం పెట్టుకోవాలి అని నా అభిప్రాయం.

డబ్బు పెడితే డబ్బు కోసమే స్టూడెంట్లని ఎక్కించుకుంటారు అని ఒక ఫ్రెండ్ అన్నాడు. అందుకే ఒక బండికి ఒక్క స్టూడెంటే ఉండాలి, ఎంత నేర్చుకున్నాడో లాగ్‌బుక్‌లో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, సీనియర్‌కి కూడా నేర్పడం ఎలా అన్నదాని మీద నాలుగు రోజుల ట్రైనింగ్ ఇవ్వాలి. ఇంకోటి, ఈ రోజు ఒంట్లో ఓపిక లేదు, స్టూడెంట్ వద్దు అని చెప్పే హక్కు ఆ ఈఎంటీకి ఉండాలి, ఇది డబ్బు కంటే ముఖ్యం అనుకుంటున్నా, ఎందుకంటే రాత్రంతా యాక్సిడెంట్ కేసులు చూసి వచ్చిన మనిషి దగ్గర ఎవరూ ఏమీ నేర్చుకోలేరు, పేషెంట్‌కీ మంచిది కాదు.

2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 108, 104 కలిపి 1088 బళ్ళు ఒకేసారి బయల్దేరాయి, నేను టీవీలో చూసి ఎంతో సంతోషపడ్డా. బళ్ళకి అంత ఖర్చు పెట్టగలిగిన ప్రభుత్వానికి ఇది పెద్ద మొత్తం కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఈ సర్వీసుని టెండర్ పిలిచి ఏజెన్సీలకి ఇస్తున్నారు కాబట్టి వచ్చే టెండర్ కాగితంలోనే ఈ షిఫ్ట్ అలవెన్స్ ఒక లైన్‌గా రాయమనండి, ఏజెన్సీ మారినా అది పోకుండా ఉంటుంది. ఇదే లెటర్ కాపీ మా ఎమ్మెల్యే గారి ఆఫీసులో కూడా ఇస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జూనియర్ లెక్చరర్,
గుంటూరు జిల్లా