జుట్టు కోసం విటమిన్ ఎ గుళికలు మింగవద్దు

సంపాదకులకు,

నేను విశాఖపట్నం మద్దిలపాలెంలో ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టును. చుట్టూ కళాశాలలు, హాస్టళ్లు. సాయంత్రమైతే జుట్టు రాలుతోందంటూ వచ్చే ఆడపిల్లలే ఎక్కువ. మొన్న ఒక తల్లి, కూతురి దువ్వెనకు వచ్చిన జుట్టును ఉండ చుట్టి కవరులో తెచ్చి కౌంటరు మీద పెట్టారు. ఆ అమ్మాయి కొన్ని నెలలుగా రోజూ విటమిన్ ఎ గుళిక వేసుకుంటోందట. రాలడం తగ్గకపోగా పెరిగిందని, ఇంకా ఎక్కువ పవరున్నది ఇమ్మని ఆమె అడిగారు. షీటు వెనక్కి తిప్పి చూపించాను. సన్నని ఇంగ్లిషు అక్షరాల్లో 25,000 యూనిట్లని ఉంది. అంటే 7,500 మైక్రోగ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం స్త్రీలకు రోజుకు కావలసింది 840 మాత్రమే.

విటమిన్ ఎ జుట్టుకు అక్కరలేదని నేను అనడం లేదు. కుదుళ్లలోని కణాలు దానిని రెటినోయిక్ ఆమ్లంగా మార్చుకుంటాయి. వెంట్రుక ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే జన్యువుల మీద ఆ ఆమ్లం పనిచేస్తుంది. తక్కువైనా చిక్కే, మితిమీరినా చిక్కే. మితిమీరితే ఇంకా పెరగవలసిన వెంట్రుకలు ముందే విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలలకు ఊడిపోతాయి. ఇంత ఆలస్యంగా రాలడం వల్లే గుళిక మీద ఎవరికీ అనుమానం రాదు. పైగా సి విటమిన్ లాగా ఇది మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది.

"అంగన్‌వాడీలో పసిపిల్లలకే 2 లక్షల యూనిట్లు పోస్తారు కదా!" అని కొందరు నాతో వాదిస్తారు. అది కంటిచూపు పోకుండా ఆరు నెలలకు ఒకసారి పోసే మోతాదు, రోజువారీ మందు కాదు. గర్భిణులు ఇలాంటి గుళికలు వేసుకుంటే కడుపులోని బిడ్డకు అవయవలోపాలు రావచ్చు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది.

రైతుబజారులో దొరికే మునగాకు, తోటకూర, బొప్పాయి తినండి. వాటిలోని బీటా కెరోటిన్‌ను శరీరం తనకు కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. అయినా జుట్టు రాలుతూనే ఉంటే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

పత్రికల్లో జుట్టు సంరక్షణ గురించి రాసేవారు 'విటమిన్ ఎ మంచిది' అని వదిలేయకుండా ఎంత మోతాదో కూడా రాయాలి. షీటు మీద మోతాదును కంపెనీలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో వేయాలి. తోటి ఫార్మసిస్టులను కూడా కోరుతున్నాను: డాక్టరు చీటీ లేకుండా ఈ గుళికలు ఇవ్వకండి.

– ఒక ఫార్మసిస్టు, మద్దిలపాలెం, విశాఖపట్నం