మన సంఘం వార్షిక నివేదిక – 2025

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. సంక్రాంతికి సకినాలు, ఉగాదికి పచ్చడి, ఎండాకాలంలో బస్టాప్ దగ్గర మజ్జిగ చలివేంద్రం, బతుకమ్మకు సద్దులు ఎప్పటిలాగే జరిగాయి. చలివేంద్రానికి రోజూ తెల్లవారుజామునే అల్లం, కరివేపాకు దంచి పంపిన మూడో వీధి ఆడపడుచులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది అక్టోబరులో జరిపిన పాత వంటల రోజు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1945 అక్టోబరు 16న ఏర్పడింది. ఆ తేదీనే ప్రపంచ ఆహార దినోత్సవంగా జరుపుతారు. ఆ సంస్థకు ఈ ఏడాది 80 ఏళ్లు నిండాయి. హైదరాబాద్ హలీంకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది 2010లో, అంటే దానికీ 15 ఏళ్లు. 2019లో యునెస్కో ఆహార రంగంలో మన నగరాన్ని సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. కమిటీలో ఈ లెక్కలు చెప్పుకుంటున్నప్పుడు ఒక పెద్దావిడ, "హలీం, బిర్యానీ చేసేవాళ్లకు ఈ ఊళ్లో కొదవేముంది? మలీద, దిబ్బరొట్టి, తరవాణి చేసే చేతులు డెబ్బై దాటాయి, వాటి సంగతి చూడండి" అన్నారు. ఆ మాటతోనే ఈ కార్యక్రమం పుట్టింది. 16వ తేదీ గురువారం కావడంతో ముందు వచ్చిన ఆదివారం పెట్టుకున్నాం.

సర్వపిండి పొయ్యి దగ్గర నేను గంటసేపు కూర్చున్నాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కారం కలిపి ముద్ద చేశారు. దాన్ని గంజు, అంటే లోతు గిన్నె, లోపల చుట్టూ పలచగా అద్ది, వేలితో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో చుక్క చుక్క నూనె వేసి మూతపెట్టి సన్న సెగ మీద ఉంచారు. ఒక వాయి దిగాక గంజు వెనక చల్లటి నీళ్లు పోసి పూర్తిగా చల్లార్చారు. వేడి గంజుకు పిండి అంటదట. ఇంట్లో మా అమ్మ ఒకేసారి రెండు గంజులు ఎందుకు పెట్టేదో నాకు ఇన్నేళ్లకు తెలిసింది. దీన్ని కొందరు తపేలచెక్క అన్నారు, కొందరు గిన్నప్ప అన్నారు. మూడు పేర్లూ ఈ పాత వంటల మీద మనం రాస్తున్న పుస్తకంలోకి ఎక్కించాం.

ఉలవచారు కోసం తెచ్చిన ఇత్తడి గిన్నెలకు కళాయి (లోపలి తగరం పూత) పోయింది. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుపు పడితే చిలుము దిగుతుంది. బేగంబజారు సందులన్నీ తిరిగి కళాయి వేసే ఒకాయనను పట్టుకొచ్చిన మన సంయుక్త కార్యదర్శిని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. ఆయన గిన్నె కాల్చి, నవాసాగరం (పూత అంటడానికి వాడే లవణం) చల్లి, తగరం ముక్క రాసి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేసరికి లోపలంతా వెండిలా మెరిసింది. పిల్లలు వంటల కంటే అక్కడే ఎక్కువసేపు నిలబడ్డారు.

పుస్తకం గురించి రెండు మాటలు. "ఎంత వేయాలో చేతికే తెలుస్తుంది" అనే పెద్దవాళ్ల పక్కన మన కాలనీ అమ్మాయిలిద్దరు తూకం పెట్టుకుని కూర్చున్నారు. గుప్పిట్లో పిండి, ఉప్పు గిన్నెలో పడకముందే పళ్లెంలో పోయించుకుని తూచి రాసుకున్నారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ అనే కొలతలు కూడా మొదటి పేజీలో ఉన్నాయి. ఆ రోజు చేసిన వంటలన్నీ రాయడం పూర్తయింది. తరవాణి ఒక్కటే మిగిలింది. కడవలో గంజి పులియడానికి రోజులు పడుతుంది కాబట్టి దాన్ని చేసేవాళ్లింటికే వెళ్లి రాసుకోవాలి.

ఇక బాధ కలిగించిన విషయం చెప్పక తప్పదు. పాత వంటల రోజు పనులకు వస్తామని గ్రూపులో పెట్టిన 26 మందిలో ఆ ఉదయం వచ్చింది ఏడుగురు. కుర్చీలు దించింది, చివర్లో అంట్లు తోమింది కూడా ఆ ఏడుగురే. రాలేకపోతే ముందు రోజైనా ఒక్క మాట చెప్పాలి కదా. పార్కు అనుమతికి మూడు వారాల ముందే దరఖాస్తు ఇచ్చి నాలుగుసార్లు తిరిగితే, కాగితం చేతికొచ్చింది ముందు రోజు సాయంత్రం. అప్పటిదాకా ఒకటే టెన్షన్. వస్తుందన్న నీళ్ల ట్యాంకర్ రానే లేదు. రెండో వీధి ఇళ్లవాళ్లు తమ బోరు నీళ్లు ఇచ్చి పరువు కాపాడారు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు జతపరిచారు, ఆడిట్ అయింది. కొద్దిపాటి మిగులు ఉంది. చందా బాకీ ఉన్నవారు ఈ నెలలోనే కట్టాలని మనవి.

పొయ్యిలు, గ్యాస్ బండలు ఇచ్చిన కిరాణా దుకాణం వారికి, షామియానా డబ్బులు వద్దన్న పెద్దమనిషికి, మోకాళ్ల నొప్పులతోనే వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మమ్మలకు, నానమ్మలకు సంఘం తరఫున నమస్సులు. పుస్తకం జెరాక్స్ ప్రతులు సంక్రాంతి లోపు ఇంటింటికీ ఇస్తాం. ప్రూఫు చూడటానికి ఇద్దరు కావాలి, సమావేశంలోనే పేర్లు ఇవ్వండి.

ఆ రోజు మిగిలిపోయిన రెండు స్టీలు మూతలు, ఒక ఇత్తడి గరిటె సంఘం గదిలో ఉన్నాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి