నీళ్ల బల్ల: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. గత సర్వసభ్య సమావేశం ఆమోదించిన తీర్మానం మేరకు, తాగునీటినే మాధ్యమంగా తీసుకుని ఇరుగుపొరుగును ఒకచోట చేర్చే కళా ప్రదర్శన ఈ ఏడాది మన ప్రధాన కార్యక్రమంగా సాగింది. ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు కనుక ఈ నివేదికను ‘నీళ్ల బల్ల’ అనే ఆ ప్రదర్శనకే పరిమితం చేస్తున్నాను.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవారు ఉన్నారు. ఏమీ షారక్స్ అనే కళాకారిణి 2013లో ‘మ్యూజియం ఆఫ్ వాటర్’ మొదలుపెట్టి, తమకు విలువైన నీటిని ఏదో ఒక సీసాలో తెచ్చి, దాని కథ చెప్పి ఇచ్చి వెళ్లమని జనాన్ని కోరారు. 2014లో అమెరికాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియంలో షనై మాటెసన్, కోలిన్ క్లోకర్ ‘వాటర్ బార్’ ఏర్పాటు చేసి, వేర్వేరు కుళాయి నీళ్లను పక్కపక్కనే రుచి చూపించారు. మన కార్యవర్గం మొదటిదాని నుంచి కథను, రెండోదాని నుంచి గ్లాసును తీసుకుంది.

పొడవాటి బల్ల మీద మూడు గాజు జాడీలు పెట్టాం. ఒకదానిలో కుళాయి నీరు, ఒకదానిలో సంఘ ఆవరణలోని బోరు నీరు, మరొకదానిలో ఆర్ఓ యంత్రం నీరు. ఏది ఏదో రాయలేదు. రాళ్ల నుంచి కరిగిన కాల్షియం, మెగ్నీషియంతో బోరు నీటికి ఒక బరువు, క్లోరిన్ వల్ల కుళాయి నీటికి ఒక వాసన, లవణాలు చాలావరకు పోవడంతో ఆర్ఓ నీటికి చప్పదనం ఉంటాయి కాబట్టి, పోల్చి చూసినవారు మాటల్లో పడతారని ఆశించాం. అలా జరగలేదు. వచ్చినవారు ఎవరి గ్లాసు వారు నింపుకుని, తాగి, బాగుందని చెప్పి వెళ్లిపోయారు.

రెండోసారి ఒకే ఒక్క నియమం చేర్చాం: ఎవరి గ్లాసు వారు నింపుకోరాదు, ఎదుటివారే పోయాలి. ఈ ఏడాది మనం నేర్చుకున్నదంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. పోసేవారు ‘చాలా, ఇంకొంచెం పోయనా?’ అని అడగక తప్పదు, తాగేవారు జవాబు చెప్పక తప్పదు. ఉమ్మడి గోడ విషయంలో చాలాకాలంగా మాటల్లేని ఇద్దరు ఆ బల్లకు చెరోవైపు కూర్చోవాల్సి వచ్చింది. ఒకరు జాడీ వంచారు. రెండోవారు గ్లాసు మీద అరచెయ్యి అడ్డుపెట్టి ‘చాలండీ’ అన్నారు. ఆ రోజు అంతకుమించి ఏమీ జరగలేదు, కానీ అది జరిగింది.

అందరికీ ఒకే లోటా ఉండాలని ఒక పెద్దాయన మనస్ఫూర్తిగా వాదించారు. కానీ పారిస్‌లో 1872 నుంచి వీధుల్లో ఏర్పాటైన వాలెస్ ఫౌంటెన్లు అనే తాగునీటి ధారలకు గొలుసుతో కప్పులు ఉండేవి. ఆరోగ్య కారణాలతో 1952లో వాటిని తీసేశారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం 1909లోనే ఉమ్మడి కప్పును నిషేధించింది. ఈ అనుభవాన్ని దృష్టిలో పెట్టుకుని విడివిడి స్టీలు గ్లాసులే వాడాం. కాగితపు కప్పులకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక వాటిని వద్దనుకున్నాం. గ్లాసులు కడిగే తొట్టి దగ్గర సాగిన కబుర్లు, నిజానికి, బల్ల దగ్గరికంటే ఎక్కువ.

నీటి పరీక్ష విషయంలో రాజీ పడలేదు. కుళాయి నీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో రోజూ ఉదయం చూసేవాళ్లం. బోరు నీటికి హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసా పరీక్ష చేశాం. మూడో ప్రదర్శనకు ముందు ఆ సీసాలో నీరు నల్లబడింది, అంటే మలసంబంధ కాలుష్యం ఉండవచ్చని అర్థం. కొందరు ఆ జాడీని తీసేద్దామన్నారు. కార్యవర్గం దాన్ని ఖాళీగానే బల్ల మీద ఉంచి, పక్కన ఆ నల్లని సీసాను మూతతో సహా పెట్టింది. అందరూ నిలబడి చూసింది ఆ ఖాళీ జాడీనే. బోరు గొట్టం చుట్టూ సిమెంటు పగిలి మురుగు చేరుతోందని అక్కడే ఒక సభ్యురాలు గుర్తుచేశారు. మరమ్మతు, క్లోరినేషన్ పూర్తయ్యాయి. ప్రయోగశాల నివేదిక అందేవరకు ఆ జాడీ ఖాళీగానే ఉంటుంది.

వచ్చే మార్చి 22న, ప్రపంచ జల దినోత్సవం నాడు, తదుపరి ప్రదర్శన జరపాలని, పోసే బాధ్యత వంతులవారీగా సభ్యులందరికీ ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తూ మీ ఆమోదం కోరుతోంది.