రీబస్‌ను బోనెక్కించడం అవమానం కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. స్కాట్లాండ్ రచయిత ఇయాన్ రాంకిన్ రాసిన ఇన్‌స్పెక్టర్ రీబస్ నవలల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, దాని మీద వరసగా అచ్చయిన పాఠకుల లేఖలు శ్రద్ధగా చదివాను. ఎక్కువమంది మాట ఒకటే. 2007లో 'ఎగ్జిట్ మ్యూజిక్' నవలతో రీబస్ రిటైరయ్యాడు కదా, అక్కడితో సిరీస్ ఆపేయాల్సింది. అంతటి డిటెక్టివ్‌ను ముసలితనంలో ముద్దాయిగా నిలబెట్టి, జైలుకు పంపి రచయిత అతని పరువు తీశాడు అని. ఇన్నేళ్ళు వెంట నడిచిన మనిషికి ఆ గతి పడితే బాధ కలగడం సహజమే. కానీ ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఈ సిరీస్ మొత్తంలో రచయిత చేసిన నిజాయితీ గల పని అదేనని నా గట్టి నమ్మకం.

మన తరం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుతూ పెరిగింది. ఎన్ని కేసులు తేల్చినా యుగంధర్ యుగంధరే, అసిస్టెంట్ రాజు రాజే. వాళ్ళకు వయసు మీద పడదు. రీబస్ సంగతి వేరు. 1987లో 'నాట్స్ అండ్ క్రాసెస్'లో డిటెక్టివ్ సార్జెంట్‌గా మనకు పరిచయమైన నాటి నుంచి, నవలకూ నవలకూ మధ్య గడిచిన కాలమంతా అతని ఒంటి మీద కూడా గడుస్తూ వచ్చింది. అరవై నిండగానే ఉద్యోగం అయిపోయింది. 2020లో వచ్చిన నవలలో ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, మెట్లెక్కలేక, ఎడిన్‌బరోలోని ఆర్డెన్ స్ట్రీట్‌లో దశాబ్దాలుగా ఉన్న రెండో అంతస్తు ఫ్లాటు వదిలి కింది వాటాలోకి దిగుతాడు. సామాను సర్దడానికి ఒకప్పటి తన జూనియర్ షివాన్ క్లార్క్ వస్తుంది. హీరోను ఇలా చూపించడానికి చాలా ధైర్యం కావాలి.

వయసును లెక్కపెట్టిన రచయిత, చేసిన పనులను లెక్కపెట్టకుండా వదిలేస్తే అది అన్యాయం అయ్యేది. నిజానికి ఆ లెక్క, రీబస్‌ను బోనెక్కించిన 2022 నాటి నవలలో కొత్తగా మొదలుపెట్టింది కాదు. 1997లో వచ్చి, బ్రిటన్‌లో నేర నవలలకు ఇచ్చే గోల్డ్ డాగర్ బహుమతి గెలుచుకున్న 'బ్లాక్ అండ్ బ్లూ' మళ్ళీ ఒకసారి తీసి చూడండి. అందరికీ గుర్తుండేది 1960ల చివర్లో గ్లాస్గోను వణికించిన 'బైబిల్ జాన్' హత్యల ప్రస్తావన. దాని పక్కనే ఇంకో కథ నడుస్తుంది. ఎప్పుడో శిక్షపడిన ఖైదీ ఒకడు చివరిదాకా తాను నిర్దోషినని మొత్తుకుని ప్రాణం తీసుకుంటాడు. ఆ కేసులో పై అధికారి చెప్పిన కథనానికి కుర్ర రీబస్ వంతపాడాడన్న మచ్చ ఉంది. అందుకే ఆ నవలలో రీబస్ ఒకపక్క హంతకుడి కోసం వెతుకుతూ, ఇంకోపక్క తానే విచారణ ఎదుర్కొంటూ ఉంటాడు.

నేను చిన్న పట్టణంలో క్రిమినల్ కేసులు చూసిన న్యాయవాదిని. అందుకే ఆ భాగం చదివినప్పుడల్లా మనసు ఆగదు. మన దగ్గర వస్తువు స్వాధీనం చేసుకున్నప్పుడు, దొరికిన చోటే, సాక్షుల ఎదుట మధ్యవర్తుల నివేదిక రాయాలి. మధ్యవర్తిగా ఎక్కువసార్లు వీఆర్వోనే పిలుస్తారు. ఒక దొంగతనం కేసులో క్రాస్ ఎగ్జామినేషన్ జరుగుతున్నప్పుడు, "ఈ సంతకం ఎక్కడ పెట్టారు?" అని అడిగితే, ఆ వీఆర్వో కాసేపు తటపటాయించి "స్టేషన్‌లోనే సార్, సంతకం పెట్టమంటే పెట్టాను" అన్నాడు. కేసు అక్కడికక్కడే కూలిపోయింది. నగలు పోగొట్టుకున్న ఆవిడ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. దొంగ ఎవరో ఊరందరికీ తెలుసు, పోలీసులకూ తెలుసు. "తెలుసు కదా" అన్న ధీమాతోనే అడ్డదారి తొక్కారు. రీబస్ చేసే తప్పు కూడా సరిగ్గా ఇలాంటిదే. అతను లంచగొండి కాదు. నేరస్తుడు ఎవరో తనకు తెలుసుననే నమ్మకమే అతనిచేత రూల్సు తప్పిస్తుంది.

మీ లేఖకులెవరూ మాల్కమ్ ఫాక్స్ పేరెత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. రీబస్ రిటైరయిన రెండేళ్ళకు, 2009లో రాంకిన్ కొత్త హీరోగా తీసుకొచ్చింది ఇతన్నే. పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులను విచారించే పోలీసు. తోటివాళ్ళకు అతనంటే గిట్టదు, అతనితో కలిసి టీ తాగడానికి కూడా ఇష్టపడరు. 2012లో రీబస్ తిరిగొచ్చినప్పుడు రచయిత ఈ ఫాక్స్‌ను అతనికి ఎదురుగా నిలబెట్టాడు. రీబస్ కళ్ళతో చూస్తే ఫాక్స్ విలన్‌లా కనిపిస్తాడు. ఆ పుస్తకం పక్కన పెట్టి ఆలోచిస్తే మాత్రం, తప్పుపట్టాల్సింది ఎవరినో అంత తేలిగ్గా తేలదు.

2022 అక్టోబరులో వచ్చిన 'ఎ హార్ట్ ఫుల్ ఆఫ్ హెడ్‌స్టోన్స్' రీబస్ బోనులో ఉండగానే మొదలవుతుంది. టైన్‌కాజిల్ పోలీస్ స్టేషన్‌లో ఏళ్ళ తరబడి సాగిన అక్రమాలు దాని నేపథ్యం. అతని మీద కేసేమిటో చదవనివాళ్ళ కోసం ఇక్కడ చెప్పను. అదే ఏడాది మే నెలలో మన దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, దిశ అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపిన ఘటనపై, సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఎన్‌కౌంటర్ రోజున ఆ పోలీసుల మీద పూలు చల్లినవాళ్ళలో నివేదిక చదివినవాళ్ళు ఎంతమంది? దిశకు జరిగిన ఘోరం తలుచుకుంటే నాకూ రక్తం మరుగుతుంది. అయినా, నేరం ఎవరిదో తేల్చాల్సింది కోర్టు. మన సినిమాల్లో పోలీసు హీరో గోడౌన్‌లో పది మందిని చంపి కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోతాడు. తర్వాత అతన్ని ప్రశ్నించేవాళ్ళు ఉండరు. రాంకిన్ తన హీరోను ప్రశ్నించాడు, అదీ పాఠకులు అతన్ని ప్రాణంగా ప్రేమిస్తుండగా. దాన్ని అవమానం అంటే ఎలా?

పాఠకుల ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం న్యాయమైనదే. రీబస్‌కూ, ఎడిన్‌బరో నేర ప్రపంచపు పెద్ద కఫర్టీకీ మధ్య ఎత్తులు పైఎత్తులు కొన్ని నవలల్లో చర్వితచర్వణంగా ఉంటాయి. పాత్రలు మరీ ఎక్కువై ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోలేక టెన్షన్ పడాల్సిన చోట్లూ ఉన్నాయి. 2007 నుంచి 2012 దాకా వచ్చిన విరామం సిరీస్‌కు మేలే చేసింది.

2024లో బీబీసీ కొత్త టీవీ సిరీస్ వచ్చాక చాలామంది కుర్రవాళ్ళు రీబస్ గురించి అడుగుతున్నారు. అందులో ఉన్నది కుర్ర రీబస్. అది చూసి ఆగిపోవద్దని వాళ్ళకు నా మనవి. అన్ని నవలలూ చదివే ఓపిక లేకపోతే 'బ్లాక్ అండ్ బ్లూ', తర్వాత ఫాక్స్ పరిచయమయ్యే 'ది కంప్లెయింట్స్', ఆ తర్వాత 'హెడ్‌స్టోన్స్', చివరగా రీబస్ జైల్లో ఉండే 2024 నాటి 'మిడ్‌నైట్ అండ్ బ్లూ' ఈ వరసలో చదవండి. సిరీస్ ఎక్కడ ఆగాల్సిందో అప్పుడు మీరే ఇదే శీర్షికకు రాయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత న్యాయవాది,
తూర్పు గోదావరి జిల్లా