పందులు, తీర్మానం, లేని తుపాకీ

ఒరేయ్ శీనూ,

ఉత్తరం ఆలస్యమైందని మూతి ముడుచుకోకు, దసరాకి రాస్తానన్న నీ ఉత్తరం ఇంకా దారిలోనే ఉంది. అందరం బాగున్నాం, చెల్లి పరీక్షలైపోయాయి, అమ్మ మోకాలు అలాగే ఉంది. ఇవన్నీ తర్వాత. నిన్న గ్రామసభ జరిగింది రా, అది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు!

మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటోంది, అడవి పందులకి ఆ వాసన చాలు. తినేది కొంచెం, తొక్కి పడేసేదే ఎక్కువ. గట్ల వెంట జుట్టు చల్లాం, మైకులో పులి అరుపు పెట్టాం, పాత చీరలు కట్టాం. మీ అమ్మ ఇచ్చిన పసుపు చీర (ఏ చీరో నీకు తెలుసు, నవ్వకు) దాని కిందనుంచే దారి చేసుకున్నాయి.

సభలో ఒకాయన లేచి, కేరళలో 2022లోనే పంచాయతీ అధ్యక్షులకి పందిని కాల్చమని ఉత్తర్వు ఇచ్చే అధికారం ఇచ్చారు, మనమూ అడుగుదాం అన్నాడు. ఒకటే చప్పట్లు. అటవీ శాఖ ఆయన ఓపిగ్గా చెప్పాడు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్లో పొలంలో ఉన్న పంట మాట కూడా ఉందట, నష్టం చేస్తే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి) గానీ ఆయన అధికారమిచ్చిన వాళ్లు గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చట. హానికర జంతువని ప్రకటించడం, అంటే చంపినా నేరం కాదనడం, మాత్రం కేంద్రం చేతిలో పని, 2015లో బీహార్‌కి, 2016లో ఉత్తరాఖండ్‌కి కొన్ని జిల్లాల్లో కొంతకాలానికి అలా ప్రకటించారట.

అప్పుడు సర్పంచ్ అడిగింది చూడు, "సరే, కాల్చేదెవరు?" ఊళ్లో లైసెన్సున్న తుపాకీ ఒక్కటే, ఆ మిలిటరీ తాతది. అదీ ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించాడు, ఇంకా రాలేదు! నవ్వు ఆగలేదు రా. మన సోడాగాడు మెల్లగా మాంసం సంగతి అడిగాడు, పూడ్చిపెట్టాలి, తినకూడదని చెప్పేసరికి సగం ఉత్సాహం అక్కడే చల్లారింది.

ఎవరో పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టే మాటెత్తారు. పక్క ఊళ్లో రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన కుర్రాడు... అది ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు చేయి ఆడటం లేదు.

నాకైతే సోలార్ కంచే మేలనిపిస్తుంది, ఆగి ఆగి షాక్ కొడుతుంది గానీ చంపదు. కానీ నేనొక్కడినే వేసుకుంటే పందులు పక్కోడి చేలో పడతాయి, అడవి అంచు పొడవునా అందరూ కలిసి వేయాలి. పైగా గడ్డి పెరిగి తీగకి తగిలితే కరెంటంతా నేలలోకే పోతుంది. సబ్సిడీ గురించి అందరూ మాట్లాడారు, ఆ గడ్డి కోసే మనిషికి కూలి ఎవరిస్తారో ఒక్కరూ అడగలేదు! నేనడిగితే అటవీ శాఖ ఆయన రాసుకున్నాడు, సర్పంచ్ మాత్రం

ఉండు, నాన్న కేకేస్తున్నాడు, ఈ రాత్రి మంచె మీద కాపలా వంతు మాది. తీర్మానంలో ఏం రాశారో మళ్లీ రాస్తాను, నువ్వు ముందు జవాబివ్వు.

నీ
రాజు