మంత్రి గారూ, ఆ బండ మీద ఎర్ర అంకె ఎవరు వేశారు?

తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

గత ఆదివారం పొద్దున ఆరు గంటలకు మేము ఐదుగురం ఎప్పటిలాగే మా గుట్ట ఎక్కాం. మేము ‘లెక్కల మాస్టారు’ అని పిలుచుకునే బండ నడుము మీద ఎర్ర రంగుతో 14 అని రాసి ఉంది. జానెడు ఎత్తు అంకె, దాని కింద ఒక బాణం గుర్తు. నాకు హార్డ్‌వేర్ దుకాణం ఉంది కాబట్టి రంగు చూడగానే తెలిసింది. అది రెడ్ ఆక్సైడ్ కాదు, ఎనామిల్. ఎండకూ వానకూ తట్టుకోవాలని ఎంచుకున్న రంగు. అంటే వేసినవాళ్ళకు ఆ అంకెతో కొన్నాళ్ళు పని ఉందన్నమాట. ఆ పూట ఎవరమూ రాయి ముట్టుకోలేదు. ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి, ఆ అంకెను చూస్తూ కూర్చుని వచ్చేశాం.

ఆ గుట్ట హైదరాబాద్ నగరం పడమటి అంచున ఉంది. పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ బిర్యానీ పొట్లాలు, సీసా పెంకులు పోగవుతాయి. స్థలం వివరాలు మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

మేము చేసే పనిని బౌల్డరింగ్ అంటారు. తాళ్ళు, మేకులు లేకుండా పది పదిహేను అడుగుల బండలు ఎక్కడం. కాళ్ళకు రబ్బరు అడుగున్న బిగుతు బూట్లు, నడుముకు సుద్దపొడి సంచి, వీపున మడత పరుపు, సరంజామా అంతే. (సుద్ద అంటే బడి సుద్ద కాదు, మెగ్నీషియం కార్బొనేట్. చేతి చెమటను పీల్చుకుంటుంది.) ఒకరు ఎక్కుతుంటే మిగతావాళ్ళు కింద చేతులు చాచి నిలబడతారు. అది పడే మనిషిని ఎత్తుకోవడానికి కాదు, తల రాతికి తగలకుండా పరుపు మీదికి మళ్ళించడానికి. ఒక బండను ఎక్కే దారిని మా భాషలో ‘ప్రాబ్లమ్’ అంటారు. కాఠిన్యాన్ని బట్టి వాటికి వి-సున్న నుంచి వి-పదిహేడు దాకా అంకెలు ఉంటాయి. మాలో ఎవరమూ వి-ఐదు దాటలేదు. ఈ వయసులో ఇక దాటుతామన్న భ్రమా లేదు.

లెక్కల మాస్టారి ప్రాబ్లమ్ చూడ్డానికి ఏమీ ఉండదు. ఎడమ చేతికి రెండు వేళ్ళు పట్టే చిన్న అంచు. కుడి కాలికి రూపాయి బిళ్ళంత ఎగుడు. అక్కడి నుంచి బరువంతా ఆ కాలి మీదికి తెచ్చి, కుడి చేతిని నున్నటి గుండు మీద అరచేయి పరిచి ఆనించాలి. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు, రాతికీ చర్మానికీ మధ్య ఉన్న రాపిడినే నమ్ముకోవాలి. మా బృందంలోని దంత వైద్యురాలికి ఆ ఒక్క కదలికకు రెండు శీతాకాలాలు పట్టింది. ‘శీతాకాలాలు’ అని ఎందుకు అంటున్నానంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే ఇక్కడ రాయి మాట వింటుంది. ఏప్రిల్ వస్తే ఎనిమిది గంటలకే చెయ్యి పెట్టలేం. ఎక్కిన రోజు ఆవిడ పైన కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. మేము కింద పరుపు మడుస్తున్నట్లు నటించాం.

బండ మీద అంకె కనిపిస్తే మేము ఎందుకు బెదిరామో చెప్పాలి. నాలుగేళ్ళ కిందట వేరొక గుట్ట మీద మాకు ‘అమ్మమ్మ’ ఉండేది. వంగిన వీపుతో, ఒక పక్క నీడతో, ఎవరు పడినా మెత్తటి మట్టి మీదే పడేలా ఉండే బండ. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి పాఠం దాని మీదే. మా అబ్బాయి ఆరేళ్ళప్పుడు మొదటిసారి ఎక్కింది దాన్నే. ఒక ఆదివారం దాని మీద ఎర్ర గీత కనిపించింది. మేము పట్టించుకోలేదు. తర్వాతి వారం వర్షం వల్ల వెళ్ళలేదు. ఆ తర్వాత వెళ్ళేసరికి అమ్మమ్మ ఉన్నచోట వరుసగా బెజ్జాలు పడ్డ రాతి చెక్కలు, పొడి దుమ్ము, టైరు జాడలు. ఎవరిని అడగాలో తెలియలేదు. అడిగినచోట ఒకరు ఇంకొకరిని చూపించారు. మా వాడు మాత్రం ఇంటికి వస్తూ దారిలో ఒకే ప్రశ్న వేశాడు: “ఇప్పుడు కొత్తది ఎప్పుడు వస్తుంది నాన్నా?”

రాదు కదా. భూగర్భ శాస్త్రవేత్తల లెక్క ప్రకారం ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు దీని ముందు నిన్నటి పసికందులు. నేల అడుగున శిలాద్రవం నెమ్మదిగా చల్లారి రాయైంది. ఆ రాయిలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు ఏర్పడ్డాయి. వాటిలోకి నీరు దిగి లక్షల ఏళ్ళ పాటు అంచులను తినేసింది. మూలలు ముందు అరుగుతాయి కాబట్టి పలకలుగా ఉన్నవి గుండ్లయ్యాయి. చివరికి పైనున్న మట్టి కొట్టుకుపోతే, నేల అడుగునే ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు తయారైన గుండ్లు బయటపడ్డాయి. చూసినవాళ్ళు “ఎవరు ఎత్తి పెట్టారో” అనుకుంటారు. ఎవరూ ఎత్తలేదు, కిందున్న మట్టి పోయిందంతే. ఇప్పటికీ ఈ రాళ్ళు ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఊడుతుంటాయి. అందుకే ఎక్కే ముందు మేము ప్రతి పట్టునూ పిడికిలితో కొట్టి చూస్తాం. బోలుగా మోగితే దాని జోలికి పోం.

మీ శాఖ చేతిలో ఉన్న పని గురించి ఇప్పుడు చెబుతాను. ఈ నగరం తన రాళ్ళను వారసత్వ సంపదగా గుర్తించి పాతికేళ్ళు దాటింది. 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ మొదలైంది. ఆ దశాబ్దంలోనే నగరాభివృద్ధి సంస్థ తొమ్మిది శిలా సముదాయాలను వారసత్వ జాబితాలో చేర్చింది. తర్వాత మరికొన్ని కలిశాయి. 2017లో రాష్ట్రానికి సొంత వారసత్వ చట్టం వచ్చింది. మంచిదే. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కులా కనిపించే బండ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని పుట్టగొడుగు బండ నిలిచే ఉన్నాయి. అయితే జాబితా అనేది పేరున్న రాయినే చూస్తుంది. ఎలుగుబంటిలా, పుట్టగొడుగులా కనిపించే అదృష్టం అన్ని రాళ్ళకూ ఉండదు. అమ్మమ్మ ఏ జంతువులాగానూ ఉండేది కాదు. గుట్టంటే ఒక రాయి కాదు. రాళ్ళ మధ్య సందులు, సందుల్లో మట్టి, ఆ మట్టిలో సీతాఫలం చెట్లు, పగుళ్ళలో గుడ్లగూబ, వానాకాలంలో రాతి గుంటల్లో నిలిచే నీళ్ళు, అన్నీ కలిస్తే గుట్ట. చుట్టూ తవ్వేసి నడుమ ఒక్క గుండును ఉంచి దానికి ఇనుప కంచె వేస్తే, అది వాహనాలు చుట్టూ తిరగడానికి కట్టిన దిమ్మెలా ఉంటుంది.

ఖాజాగూడ గుట్టలే చూడండి. ఫక్రుద్దీన్ గుట్ట అని పాత పేరు. అక్కడ దర్గా ఉంది, అనంత పద్మనాభ స్వామి గుడి ఉంది, నగరంలో బండలెక్కే ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి పెట్టిన రాళ్ళున్నాయి. చుట్టూ అద్దాల మేడలు పెరిగిపోతున్నా ఆ గుట్టలు ఇంకా ఉన్నాయంటే అందులో దేవుళ్ళ పాత్ర చాలా ఉందని నా నమ్మకం. పసుపు, కుంకుమ పడిన రాయి జోలికి మన దేశంలో ఎవరూ సులభంగా పోరు. మా బ్యాంకు మిత్రుడు ప్రతి వారం ఒకే సలహా ఇస్తాడు: “అన్నా, ఒక డబ్బా పసుపు, ఒక డబ్బా సున్నం తెచ్చి అన్నిటికీ బొట్లు పెట్టేద్దాం.” ఇప్పటి వరకు మేము ఆ పని చేయలేదు.

నేనేమీ కడిగిన ముత్యాన్ని కాదు. నేనుంటున్న అపార్ట్‌మెంట్ సెల్లారు ఏదో బండను పేల్చి తవ్వినదే. మా వంటింటి గట్టు నల్ల గ్రానైట్. నా దుకాణం నడిచేది ఈ నగరంలో ఇళ్ళు కడుతున్నారు కాబట్టే. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి కింద ఎన్ని గుట్టల కంకర ఉందో ఊహించగలను, దాని మీద నేను హాయిగా బండి నడుపుతాను కూడా. తరాలుగా రాయి కొట్టి బతికిన వడ్డెర కుటుంబాల కూలి గురించి తెలియని మాటలు మాట్లాడే ధైర్యమూ నాకు లేదు. వాళ్ళ సమ్మెట దెబ్బకు గుట్టలు మాయం కాలేదు, యంత్రాలు వచ్చాకే మాయమయ్యాయి. ఏ రాయీ కొట్టవద్దని అడగడం లేదు. ఏవి ఉంచాలో ముందే తేల్చుకుని, ఆ తర్వాత సుత్తి ఎత్తమంటున్నాను.

ఇక మా తప్పులు. మేము వేసే సుద్ద రాతి మీద తెల్ల మచ్చలు చేస్తుంది. దిగాక బ్రష్‌తో రుద్ది తుడుస్తాం, అందరూ తుడవరు. ఒకసారి మా అరుపులకు నెమళ్ళు లేచిపోయాయని ఒక పశువుల కాపరి పెద్దాయన చీవాట్లు పెట్టాడు. అప్పటి నుంచి గట్టిగా అరవడం మానేశాం. రాత్రుళ్ళు వచ్చి బండల కింద చలిమంట వేసేవాళ్ళకు చెప్పేవారే లేరు. మంట వేడికి గ్రానైట్ పెచ్చులూడుతుంది. పూర్వం రాయిని చీల్చడానికి వాడిన ఉపాయమే అది. వాళ్ళు సరదాకు చేస్తున్నారు.

మీరు పర్యాటక శాఖ చూస్తున్నారు కాబట్టి ఒక భయం కూడా చెప్పేస్తాను. ఈ ఉత్తరం చదివి, అక్కడ సిమెంటు మెట్లు, రంగుల దీపాలు, సెల్ఫీ తీసుకునే చోటు, టికెట్ కౌంటరు పెట్టించాలన్న ఆలోచన మీ అధికారులకు రావచ్చు. దయచేసి వద్దు. మాకు ఏమీ కట్టకండి. మంత్రిగారిని ఏమీ కట్టవద్దని అడిగే అర్జీ మీకు అరుదుగా వచ్చి ఉంటుంది. ఖర్చు లేని కోరిక ఇది. మిగిలిన గుట్టలకు సర్వే నంబర్లతో సహా హద్దులు గీయించండి. ఆ పటాన్ని ఎవరైనా చూసేలా పెట్టించండి. హద్దు లోపల ఎవరైనా బండకు అంకె వేయాలంటే, ఎందుకు వేస్తున్నారో అక్కడే ఒక బోర్డు మీద రాయమనండి. పొద్దున వెలుగు వచ్చింది మొదలు పదింటి దాకా నడిచేవాళ్ళనూ ఎక్కేవాళ్ళనూ అడ్డుకోవద్దని ఒక కాగితం ఇప్పించండి. ప్రస్తుతం కావలివాళ్ళు ఒక వారం నవ్వుతూ పలకరిస్తారు, మరుసటి వారం పొమ్మంటారు. వాళ్ళనూ తప్పు పట్టలేం, నియమం ఏమిటో వాళ్ళకూ ఎవరూ చెప్పలేదు.

మా ఆదివారాల సరదా కోసం ఇంత గోల అవసరమా అని మీకు అనిపిస్తే భువనగిరిని గుర్తు చేసుకోండి. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది, తోడుగా ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్ళు మొదట కొండెక్కడం నేర్చుకున్నది మంచు మీద కాదు, భువనగిరి కోట ఉన్న ఈ ఏకశిల మీద. ఇదే రాతి తెగ. ఇప్పుడు బౌల్డరింగ్ ఒలింపిక్స్‌లో ఉంది. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో తొలిసారి చేరింది, 2024లో పారిస్‌లో లీడ్ క్లైంబింగ్‌తో (తాడు కట్టుకుని ఎత్తైన గోడ ఎక్కడం) కలిపి ఆడారు, 2028లో లాస్ ఏంజెలిస్‌లో దానికి విడిగా పతకం ఉంటుంది. నగరంలో కృత్రిమ గోడల మీద సాధన చేయాలంటే ప్రతిసారీ డబ్బు కట్టాలి. గుట్టకు టికెట్ లేదు.

ఏటా సంక్రాంతి సెలవులకు మేము హంపీ వెళ్తాం. అక్కడి బండల కోసం ఐరోపా నుంచి పరుపులు మోసుకుని వస్తారు. పోయిన సంక్రాంతికి అనెగుంది వైపు ఒక విదేశీయుడు మమ్మల్ని పలకరించి, “మీ ఊళ్ళోనూ ఇలాంటి రాళ్ళే ఉన్నాయటగా, మరి ఇంత దూరం ఎందుకు వచ్చారు?” అని అడిగాడు. మా సాఫ్ట్‌వేర్ మిత్రులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను సుద్ద సంచి సర్దుకున్నాను.

ఒక ఆదివారం మీరు రావాలి. వీలైతే సర్వే పటం తెలిసిన అధికారిని ఒకరిని వెంట తీసుకురండి, పత్రికల వాళ్ళు వద్దు. ఆరు గంటలకు గుట్ట కింద చింతచెట్టు దగ్గర ఉంటాం. చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోండి. ఎండ ముదరక ముందే, ఎనిమిదిన్నరకల్లా దించేస్తాం. రావడం కుదరకపోతే ఒక్క వాక్యం జవాబు చాలు: లెక్కల మాస్టారి మీద ఉన్న 14 ఏ శాఖది, ఒకటి నుంచి పదమూడు దాకా ఏ బండల మీద ఉన్నాయి?

ఇట్లు,
ఆదివారం బండలెక్కే ఐదుగురి తరఫున
ఒక హార్డ్‌వేర్ దుకాణందారు,
హైదరాబాద్